మిద్దె మీద కొమ్ముల కాయ

మిద్దె మీద చెట్టుకు కొమ్ములు మొలిచాయని మహానందమ్మ పొద్దున్నే ఇల్లంతా చాటింది.

నంద్యాల గాంధీచౌక్ వెనక సందులో వాళ్లది పాత ఇల్లు. కింద చౌక్ మీది తమ అంగడికి ఆనుకుని స్టీలు సామాన్ల గోడౌను, పైన కాపురం, ఆపైన మిద్దె మీద అవ్వ పెంచుకునే పూలకుండీలు. మనవడు జయంత్ డిగ్రీ అయ్యాక తండ్రి భాస్కరయ్యతో పాటు అంగట్లోనే కూర్చుంటున్నాడు. గిన్నెల గురించి ఏమడిగినా చెబుతాడు గానీ మొక్కల గురించి అతనికి ఓనమాలు రావు. అయినా అవ్వ పిలిస్తే కాదనలేక, నోట్లో బ్రష్షుతోనే పైకి ఎక్కాడు.

అవ్వ చెప్పింది నిజమే. ఎర్రపూల అడీనియం చెట్టు అది. మొదలు ఏనుగు కాలులా ఉబ్బి ఉంటుంది, పైన గుత్తులుగా పూలు పూస్తాయి. ఒక రెమ్మ చివర, పువ్వు రాలిపోయిన చోట, రెండు పచ్చటి కొమ్ములు చెరో పక్కకు సాగి ఉన్నాయి. లేగదూడ నెత్తిన అప్పుడప్పుడే మొలిచే కొమ్ముల్లాగే ఉన్నాయి.

అదేదో మాయరోగమనీ, చెట్టు రసమంతా పీల్చేస్తుందనీ మహానందమ్మ తీర్పు చెప్పింది. కత్తెర కూడా తెచ్చి పెట్టుకుంది. అవ్వ పోరు పడలేక ఎప్పుడో చేరిన మిద్దెతోటల వాట్సాప్ గ్రూపు జయంత్‌కు గుర్తొచ్చింది. ఒక ఫోటో తీసి, ఇదేం తెగులో చెప్పమని అందులో పెట్టాడు.

పళ్లు తోముకునేలోపు సలహాలు కుప్పపడ్డాయి. ఒకాయన ఫంగస్ అన్నాడు. ఒకామె వేపనూనె కొట్టమంది. ఇంకొకాయన రెండు అంగుళాలు కిందికి కోసి పసుపు పూయమన్నాడు. వాటన్నిటి కింద ఒక చిన్న మెసేజ్ వచ్చింది.

"దాన్ని ముట్టుకోవద్దు. అది కాయ."

పంపింది సాత్విక, ఆళ్లగడ్డ.

ఈ చెట్టు ఏండ్ల తరబడి మా ఇంట్లో ఉంది, ఎప్పుడూ కాయ కాయలేదు, ఇప్పుడెందుకు కాస్తుంది అని జయంత్ కొంచెం పొగరుగానే రాశాడు.

"నన్నడిగితే ఎట్ల? ఎవరో కాయించినారు. ఫోటోలో మూలకు కత్తెర కనపడతాంది. ముందు దాన్ని అవతల పెట్టించండి."

జయంత్ కత్తెర లాక్కుని జేబులో వేసుకున్నాడు. మహానందమ్మ మధ్యాహ్నం దాకా మనవడితో మాట్లాడలేదు.

*

ఎవరో కాయించడమంటే ఏమిటో అతనికి అర్థం కాలేదు. ఆ రోజు అంగట్లో కూర్చుని ఆమెకు విడిగా మెసేజ్ పెట్టాడు. ఆమె ఆళ్లగడ్డలో ఒక జూనియర్ కాలేజీలో బాటనీ చెబుతుందట. క్లాసులో చెప్పినట్టే వివరంగా చెప్పింది.

అడీనియం పువ్వులో పుప్పొడి పైకి కనపడదు. గొట్టం లోపల కేసరాలన్నీ ఒకదానికొకటి ఆనుకుని గోపురంలా మూసుకుని ఉంటాయి. పుప్పొడి దాని కింద దాక్కుంటుంది. మన దగ్గర తిరిగే తేనెటీగలకు అందులోకి దారి దొరకడం కష్టం. అందుకే పూలు పూస్తాయి, వాడిపోతాయి, రాలిపోతాయి. ఎవరైనా సన్నటి పుల్లతో ఒక పువ్వు నుంచి పుప్పొడి తీసి ఇంకో పువ్వు లోపలికి చేర్చితే మాత్రం కథ మారుతుంది. రేకులు రాలినా అడుగున అండాశయం రాలదు. అది రెండుగా విడివడి, సాగి, కొమ్ముల్లాంటి జంటకాయ అవుతుంది. లోపల గింజలు కట్టుకుంటాయి.

కాబట్టి మీ మిద్దె మీద ఎవరో పనిగట్టుకుని ఆ పని చేశారు అని ఆమె ముగించింది.

జయంత్ బుర్ర తిరిగిపోయింది. అవ్వకు సూదిలో దారం ఎక్కించడమే చేతకాదు. అమ్మ మోకాళ్ల నొప్పులతో మెట్లే ఎక్కదు. నీళ్ల ట్యాంకు కడగడానికి వచ్చే మనిషికి ఆ కుండీలంటేనే చిరాకు, కాలికి అడ్డమని తిట్టుకుంటాడు. ఇక మిగిలింది ఒక్కరే.

"నాయనా, నువ్వేమన్నా మిద్దె మీద పూలల్లో పుల్ల పెట్టినావా?"

భాస్కరయ్య అప్పుడు ఎవరికో కుక్కర్ చూపిస్తున్నాడు. కొడుకు వైపు చాలాసేపు చూసి, ఇంటికి పోయి కాసేపు పడుకోమన్నాడు.

ఆ సంగతి చెబితే సాత్విక నవ్వుల బొమ్మలు వరసగా పంపింది. అనుమానితుల్లోంచి మీ నాయన పేరు తీసెయ్యొచ్చు అని రాసింది. మరి ఎవరై ఉంటారని ఎంత అడిగినా అది మాత్రం ఊహించను అంది.

అప్పటి నుంచి వారం వారం ఫోటో పంపడం అతని పని అయింది. కాయ నిలబడుతుందని నమ్మకం లేదని ఆమె ముందే చెప్పింది. చెట్టుకు సత్తువ లేకపోతే పిందె దశలోనే వదిలేస్తుందట. నీళ్లు ఎక్కువైనా మొదలు కుళ్లుతుందట. దాంతో జయంత్ అంగడికి పోయే ముందు రోజూ మిద్దె ఎక్కి, కొమ్ములు ఉన్నాయో లేవో చూసుకుని దిగేవాడు. కొమ్ములు పొడుగు సాగాయి, లావెక్కాయి, చివర్లు వంపు తిరిగాయి. అబ్బీకి ఉన్నట్టుండి చెట్ల పిచ్చి ఎందుకు పట్టిందోనని మహానందమ్మ కోడలితో గుసగుసలాడింది.

కాయ గురించి మొదలైన మాటలు మెల్లగా కాయ దాటి పోయాయి. వేసవి వస్తే లెక్చరర్లను ఇల్లిల్లూ తిప్పి పిల్లల్ని చేర్పించమనే కాలేజీ గురించి ఆమె చెప్పేది. ప్రతి గిన్నెనూ వేలితో టంగుమని కొట్టి, ఆ శబ్దం నచ్చకపోతే వెళ్లిపోయే కొనుగోలుదార్ల గురించి అతను చెప్పేవాడు. ఆమెను అతను మేడం అనే పిలిచేవాడు. ఆమె ఫోటో స్థానంలో ఒక చిక్కుడు పువ్వు మాత్రమే ఉండేది. కళ్లద్దాలు, నెరిసిన జుట్టు, చేతిలో బెత్తం ఉన్న ఒక యాభై ఏళ్ల మేడంను అతను మనసులో బొమ్మ కట్టుకున్నాడు. యాభై ఏళ్ల మేడం మెసేజ్ కోసం తను ఇంతగా ఎందుకు ఎదురుచూస్తున్నాడో మాత్రం అతనికి అంతుపట్టలేదు.

*

మే నెలలో ఆళ్లగడ్డలో ఒక పెళ్లివారికి సామాను అప్పగించాల్సిన పని పడింది. ఆ మాట చెబితే, బస్టాండు దగ్గరికి రండి, కాయకు కట్టే వలసంచి ఇస్తాను అంది సాత్విక. కాయ పండితే దానంతటదే పగులుతుందనీ, లోపలి గింజలకు రెండు వైపులా పట్టులాంటి కుచ్చులుంటాయనీ, సంచి కట్టకపోతే గాలికి ఎగిరిపోతాయనీ చెప్పింది.

అతను పని ముగించుకుని బస్టాండు చేరేసరికి వేసవి వాన మొదలైంది. చినుకులు రూపాయి బిళ్లంత ఉన్నాయి. జయంత్ టీ కొట్టు రేకుల కింద నిలబడి, నెరిసిన జుట్టు కోసం వెతకసాగాడు.

ఒక ఊచ విరిగిన గొడుగు పట్టుకుని ఒక అమ్మాయి వచ్చి పక్కన నిలబడింది. చంకలో పాంప్లెట్ల కట్ట, సగం తడిసి రంగు కారుతోంది. ఒకటి తీసి అతని చేతిలో పెట్టి, మీ ఇంట్లో టెన్త్ పాసైన తమ్ముడు గానీ చెల్లెలు గానీ ఉన్నారా అని అడిగింది. లేరన్నాడు. పాంప్లెట్ మీద కాలేజీ పేరు చూసి, బాటనీ చెప్పే సాత్విక మేడం మీకు తెలుసా అని అడిగాడు.

ఆ అమ్మాయి అతన్ని పై నుంచి కింది దాకా చూసింది.

"బాటనీ మేడమా? ఎట్లుంటాది?"

"నేను చూడలేదు. పెద్దామె."

"ఓ, పెద్దామె. ఆమెకు వానకు ఒళ్లునొప్పులు. నన్ను పంపింది."

జయంత్ నిజంగానే దిగులుపడ్డాడు. మేడంకు ఎక్కువగా నొప్పులా, డాక్టరుకు చూపించారా అని అడిగాడు. ఆ అమ్మాయి గొడుగు అడ్డం పెట్టుకుని దగ్గింది. దోమతెరతో కుట్టిన చిన్న సంచి ఇచ్చి, ఎలా కట్టాలో చూపించింది. వాన తగ్గలేదు. ఇద్దరూ టీ తాగారు. ఆమె జుట్టు నుంచి ఒక చుక్క జారి గ్లాసులో పడింది. ఆమె చూసుకోలేదు. జయంత్ చూశాడు, చెప్పలేదు. యాభై ఏళ్ల మేడం మీద ఇంతకాలం పెట్టుకున్న ఆపేక్ష ఒక్క టీకే పక్కకు జరుగుతున్నట్టు అనిపించి అతనికి తప్పు చేస్తున్నట్టుగా ఉంది.

మాటల్లో పడి ఆమె, మీ నాయన పడుకోమన్న రోజు నేనెంత నవ్వుకున్నానో అనేసింది.

జయంత్ గ్లాసు కింద పెట్టాడు. ఆ సంగతి అతను ఒక్కరికే చెప్పాడు.

"మీరేనా?"

"ఒళ్లునొప్పులు ఇప్పుడే తగ్గినాయి," అంది సాత్విక.

నంద్యాల బస్సు వచ్చింది. ఎక్కుతుంటే వెనక నుంచి ఆమె, ట్యాంకు పక్కనున్న తెల్లపూల కుండీని కూడా ఎండకు జరపండి, ఆడ నీడ ఎక్కువ అని చెప్పింది. అతను తలూపి కూర్చున్నాడు.

దారి మధ్యలో వచ్చే శిరివెళ్ల దాకా అతని మొహం మీద నవ్వు చెరగలేదు. కిటికీ అద్దం మీద జారే నీళ్లలో కూడా ఆమె గొడుగే కనపడింది. శిరివెళ్లలో బస్సు ఆగినప్పుడు మాత్రం ఒక్కసారిగా నిటారుగా కూర్చున్నాడు.

తెల్లపూల కుండీ ఫోటో అతను ఎప్పుడూ పంపలేదు. మిద్దె మీద ట్యాంకు ఎక్కడుందో కూడా చెప్పలేదు.

*

ఇంటికి రాగానే అవ్వను పట్టుకున్నాడు. ఈ మధ్య మన మిద్దె ఎవరెక్కారు అని అడిగాడు. మహానందమ్మ కాసేపు ఆలోచించింది.

"ఆళ్లగడ్డోళ్లు రాలేదూ, ఇల్లు చూసిపోనీకి? వాళ్ల ఆడపిల్లోళ్లు ఎక్కినారు. నేను కిందనే ఉంటి."

జయంత్‌కు గుర్తొచ్చింది. మాఘమాసంలో ఒక సంబంధం వచ్చింది. ఆళ్లగడ్డలో పెయింట్ల అంగడి పెట్టుకున్న సుబ్బయ్య కూతురు. అబ్బాయి అమ్మాయిని చూడకముందే అమ్మాయి తరఫువాళ్లు ఇల్లు చూసుకుంటామని వచ్చారు. ఆ రోజు జయంత్ సరుకు కోసం కర్నూలు వెళ్లాడు. భాస్కరయ్య పెద్దవాళ్లతో మాటల్లో పడి, మిద్దె ఎక్కిన ఆడపిల్లల మొహాలు కూడా సరిగా చూడలేదు. అమ్మాయి పేరు అడిగేంత ఆసక్తి కూడా అతనికి అప్పుడు లేదు. వారం తిరక్కుండా ఇప్పుడప్పుడే వద్దనుకుంటున్నామని కబురు వచ్చింది. భాస్కరయ్యకు ఆ మాట ముల్లులా దిగింది. ఇల్లు చూసి వద్దన్నారంటే ఇల్లే నచ్చలేదని అర్థం కదా అని బాధపడ్డాడు. వీధి వైపు గోడలకు రంగులు వేయించాడు గానీ, అప్పటికీ ఆయన మనసు కుదుటపడలేదు.

వచ్చిన ఆడపిల్లల పేర్లు చెప్పమంటే, అవన్నీ నాకేడ గుర్తుంటాయి అంది మహానందమ్మ.

ఇక జయంత్ తానే లెక్క కట్టుకున్నాడు. ఆళ్లగడ్డ అమ్మాయి. మిద్దె ఎక్కింది. పూలల్లో పుల్ల పెట్టడం తెలుసు. అంటే తనను వద్దన్న అమ్మాయే సాత్విక. వద్దన్న మనిషి మళ్లీ నవ్వుతూ టీ ఎందుకు తాగింది? కాయ ఎలా ఉందని రోజూ ఎందుకు అడుగుతోంది? ఆట పట్టిస్తోందా, జాలిపడుతోందా?

ఆమె మెసేజ్‌లకు అతను జవాబులు కుదించాడు. కాయ ఎట్లుంది అంటే, ఉంది. సంచి కట్టినారా అంటే, ఆ. ఏమైంది అంటే, ఏంలేదు. నాలుగైదు రోజులు అలా గడిచాక ఉండబట్టలేక ఒక సాయంత్రం రాసేశాడు.

"మా ఇల్లు నచ్చలేదు గానీ మా చెట్టు మాత్రం నచ్చిందా మీకు?"

ఆమె చదివినట్టు గుర్తు పడింది. జవాబు లేదు. మరుసటి రోజు అంగట్లో ఉండగా ఫోన్ మోగింది. జయంత్ ఫోన్ పట్టుకుని గోడౌన్‌లోకి, డేగిసాల వరసల మధ్యకు నడిచాడు.

"నేను సుబ్బయ్య కూతురిని కాదు," అంది సాత్విక. "ఆయన మా పెదనాయన. మీకు చూసిన పిల్ల మా అక్క, భానుప్రియ. నేను తోడుగా వచ్చింటి, అంతే."

ఆమె చెప్పుకుపోయింది. ఆ రోజు పెద్దవాళ్లు కింద మాట్లాడుకుంటుంటే అక్కాచెల్లెళ్లిద్దరూ మిద్దె మీదికి వచ్చారు. భానుప్రియ బ్యాంకు పరీక్ష ఒకటి రాసి, ఇంకొకటి రాయాల్సి ఉంది. ఈలోపు పెళ్లి కుదిరితే చదువు గంగలో కలుస్తుందని ట్యాంకు పక్కన కూర్చుని ఏడ్చింది. సాత్వికకు ఓదార్చడం సరిగా రాదు. చేతులు ఊరికే ఉండలేక, అక్కడున్న చీపురు పుల్ల ఒకటి విరిచి, తెల్లపువ్వులో పుప్పొడి తీసి ఎర్రపువ్వులో పెడుతూ అక్క చెప్పేదంతా విన్నది. చివరికి, ఇష్టం లేకుంటే ఇంటికి పోయి గట్టిగా చెప్పు అంది. అక్క అలాగే చెప్పింది.

"గ్రూపులో ఆ ఫోటో చూసేసరికి నాకు గుండె ఆగినంత పనైంది. చెప్పాలనే అనుకున్యా. ఎట్ల చెప్పాలో తెలీలే. మీ సంబంధం చెడగొట్టింది నేనే. మీ చెట్టుకు కాయ కాయించిందీ నేనే."

గోడౌన్‌లో ఎక్కడో ఒక మూత జారి, గుండ్రంగా తిరిగి తిరిగి ఆగింది.

"కోపంగా ఉండారా?" అని ఆమె అడిగింది.

"కోపం రావాలనే చూస్తాండా," అన్నాడు జయంత్. "రావడంల్యా."

ఫోన్ పెట్టేశాక అతనికి ఇంకో ఆలోచన వచ్చింది. ఆ రోజు భానుప్రియ ఊరుకుని ఉంటే, ఈపాటికి సాత్విక తనను బావా అని పిలుస్తూ అక్క పెళ్లిలో పూలు పంచుతూ తిరిగేది. ఆ ఊహకే అతనికి చెమటలు పట్టాయి. ఎందుకు పట్టాయో ఆలోచిస్తూ అతను చాలాసేపు డేగిసాల మధ్యే నిలబడిపోయాడు.

*

ఆషాఢం గాలులు మొదలయ్యాయి. కాయ పచ్చదనం పోయి, ఎండిన చర్మంలా బూడిదరంగుకు తిరిగింది. ఇక ఏ రోజైనా పగలొచ్చని సాత్విక చెప్పింది. కాలేజీ పుస్తకాల కోసం నంద్యాల వస్తున్నానని, వీలైతే ఒకసారి చూసిపోతానని అంది. జయంత్ రమ్మన్నాడు.

ఆమె వచ్చిన పూట మహానందమ్మ ఒక ఘనకార్యం చేసి పెట్టింది. కాయకు ఊపిరాడదని జాలిపడి, పొద్దున్నే వలసంచి విప్పి పడేసింది. వాళ్లిద్దరూ మిద్దె మీదికి చేరేసరికి జంటకాయ ఒక పక్కన నిలువునా చీలి ఉంది. పొట్ట లోపల బియ్యపు గింజల్లాంటి గింజలు బారులు తీరి ఉన్నాయి. ఒక్కొక్కటే కుచ్చులు విప్పుకుని గాలిలోకి లేస్తోంది.

సాత్విక చున్నీ పరిచి పట్టుకుంది. జయంత్ చేతులు చాచి గాలిలో తడుముకున్నాడు. కొన్ని దొరికాయి. కొన్ని పిట్టగోడ దాటి గాంధీచౌక్ వైపు పోయాయి. ఒకటి ఆమె జడలో చిక్కుకుంది. తీయాలా వద్దా అని అతను తటపటాయిస్తుంటే అదీ ఎగిరిపోయింది. ఇద్దరూ రొప్పుతూ ట్యాంకు నీడలో కూలబడ్డారు.

ఈ గింజలు మొలిస్తే ఎర్రపూలు పూస్తాయా, తెల్లవా అని జయంత్ అడిగాడు. చెప్పలేమంది ఆమె. రెండిట్లో ఏ పోలికైనా రావచ్చు, రెండూ కానిది కూడా రావచ్చు.

"ఇంకోటి అడగాల," అన్నాడు. "మీరు రోజూ అడిగేది కాయ గురించేనా? నాకు ఏమీ అర్థం కావడంల్యా."

సాత్విక చున్నీలో గింజలు సర్దుకుంది.

"మొదట కాయ గురించే. తర్వాత కాయ పేరు చెప్పుకోని."

ఆమె తలెత్తలేదు. జయంత్ తన చేతిలో మిగిలిన గింజలు కూడా ఆ చున్నీలో పోశాడు. పెళ్లి చేసుకుందామా అని అడిగేశాడు. అడిగిన తర్వాత గానీ ఏం అడిగాడో అతనికే తెలియలేదు.

ఆమె జవాబు చెప్పేలోపు మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. భోజనానికి వచ్చిన భాస్కరయ్య, పైన అలికిడి విని ఎక్కి వచ్చాడు. ఎవరమ్మా నువ్వు అని మామూలుగానే అడిగాడు. సాత్విక లేచి నిలబడి, ఆళ్లగడ్డ సుబ్బయ్య గారి తమ్ముని కూతురినని దాచకుండా చెప్పింది. భాస్కరయ్య వెనక్కి తిరిగి దిగిపోయాడు.

*

రాత్రి భోజనాల దగ్గర జయంత్ తన మనసులో మాట చెప్పాడు. భాస్కరయ్య అరవలేదు. అన్నం కలుపుతూనే, పిల్ల మీద నాకేం కోపం లేదు, కానీ మన ఇల్లు చూసి వద్దన్నోళ్ల గడప నేనై తొక్కను, కావాలంటే వాళ్లే రావాలి అన్నాడు.

మధ్యవర్తి ద్వారా మాట చేరాక ఆళ్లగడ్డలో సుబ్బయ్య ఇంకో రకంగా మొండికేశాడు. ఒకసారి కాదన్న ఇంటికి మళ్లీ ఏ మొహంతో పోతాం అన్నాడు. పైగా పెద్దపిల్లకు వద్దన్న సంబంధం చిన్నపిల్లకు ఎట్లా అడుగుతాం, ఊళ్లో ఏమనుకుంటారు అన్నాడు. సాత్విక తండ్రి తన అన్న సుబ్బయ్య మాట ఏనాడూ దాటిన మనిషి కాదు.

ఇద్దరు పెద్దమనుషులూ ఎవరి అంగట్లో వాళ్లు కూర్చున్నారు. మధ్యలో జయంత్ నలిగిపోయాడు. పెద్దవాళ్లను నొప్పించి పరుగులు పెట్టడం నాకిష్టం లేదు, ఓపిక పడదాం అని సాత్విక ఫోన్‌లో చెప్పింది. పడదాం అంది కాబట్టి ఇష్టమనే అనుకోవాలా? ఔనని ఆమె ఇంతవరకూ అనలేదు. కాదనీ అనలేదు. అతనికి ఒక పూట ధైర్యంగా ఉంటే ఇంకో పూట దిగులుగా ఉండేది. పాలగిన్నె అడిగినవాళ్లకు పప్పుగుత్తి ఇచ్చి తండ్రి చేత రెండుసార్లు చీవాట్లు తిన్నాడు.

శ్రావణం వచ్చింది. పెళ్లిళ్ల బేరాలతో అంగడి కిటకిటలాడుతున్న ఒక రోజు, ఒక అమ్మాయి వచ్చి మూడు గిన్నెల క్యారియర్ చూపించమంది. జయంత్ లోపల సామాను దించుతున్నాడు. భాస్కరయ్యే చూపించాడు. ఉద్యోగానికి తీసుకుపోవడానికా తల్లీ అని అడిగాడు. ఔనంది. శిరివెళ్లలో బ్యాంకులో చేరానంది. ఏ ఊరు అంటే ఆళ్లగడ్డ అంది. ఎవరి అమ్మాయివి అంటే, సుబ్బయ్య కూతురిని, నా పేరు భానుప్రియ అంది.

భాస్కరయ్య చేతిలో క్యారియర్ అలాగే ఆగిపోయింది. లోపల జయంత్ చేతిలో డేగిసా కూడా.

"మీతో చెప్పిపోదామనే వచ్చినానప్పా," అంది భానుప్రియ. "మీ ఇల్లు బాగుంది. మీ అబ్బాయిని నేను చూడనే లేదు, ఇంక వద్దనేదేముంది? నాకు అప్పుడు పెండ్లే వద్దు. ఉద్యోగం కావాల్సి ఉండె. పెండ్లి చేసుకుంటావా అని నన్నెవురూ అడగలేదు. మా నాయన అడగలేదు, మధ్యవర్తి అడగలేదు. మీరన్నా అడిగింటే మీకే చెప్పింటి."

భాస్కరయ్య ఆ క్యారియర్ తీసి లోపల పెట్టి, మూత బిగుతుగా ఉండే ఇంకోటి వెతికి తెచ్చాడు. చారు ఒలకదు, ఇది తీసుకో అన్నాడు. ఆమె వెళ్తుంటే అంగడి మెట్ల దాకా వచ్చి నిలబడ్డాడు.

ఆ సాయంత్రం ఆయనే సుబ్బయ్యకు ఫోన్ చేశాడు. మీ పాప మా అంగట్లో క్యారియర్ కొన్నాదని మొదలుపెట్టి, అటూ ఇటూ తిరిగి, ఆదివారం మంచిరోజేనంట, అందరూ రాండి అని ముగించాడు. అవతల సుబ్బయ్య గొంతు బొంగురుపోయిందని తర్వాత భార్యతో చెప్పాడు. తన గొంతు సంగతి చెప్పలేదు.

*

ఆదివారం ఆళ్లగడ్డ వాళ్లు వచ్చారు. సుబ్బయ్య గడపలో చెప్పులు విడుస్తూ ఇబ్బందిగా చుట్టూ చూశాడు. భాస్కరయ్య ఎదురు వెళ్లి ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"ఇల్లు అప్పుడే చూసినారు గదా. ఈసారి మా పిల్లోన్ని చూడండి."

సుబ్బయ్య నవ్వాడు. దాంతో ఇంట్లో అందరికీ ఊపిరి ఆడింది. భానుప్రియ చొరవగా వంటింట్లోకి పోయి కాఫీలు అందుకుంది. సాత్విక తల్లిదండ్రుల పక్కన, గోడకు ఆనుకుని కూర్చుంది. ఆకుపచ్చ చీర కట్టుకుంది. జయంత్ ఎదురుగా కూర్చుని తన పళ్లెంలోని మైసూర్‌పాకును ముక్కలు ముక్కలుగా చేస్తున్నాడు, తినడం లేదు. మెట్ల మీద చెప్పుల చప్పుడు విని ఆగిపోయిన జవాబు అతనికి ఇంకా రాలేదు.

సుబ్బయ్య జాతకాల ఊసెత్తాడు. భాస్కరయ్య చేతితో ఆపాడు. తిరిగి సాత్విక వైపు చూశాడు.

"అమ్మా, మా మాటలు తర్వాత. ముందు నువ్వు చెప్పు. మా వానిని చేసుకునేది నీకిష్టమేనా? కాదంటే కాదని ఈడనే చెప్పేయి. ఎవురూ ఏమీ అనుకోరు."

కాఫీ గ్లాసులతో వస్తున్న భానుప్రియ గుమ్మంలోనే నిలబడి చెల్లెలి వైపు చూసింది.

ఏదడిగినా తడుముకోకుండా జవాబు చెప్పే సాత్విక ఆ క్షణాన తడబడింది. పెదనాయన వైపు చూసింది, అక్క వైపు చూసింది. చివరికి జయంత్ వైపు చూసింది. అతను ఆమె కన్నా అధ్వాన్నంగా ఉన్నాడు. మైసూర్‌పాకు పొడి చొక్కా నిండా రాలి ఉంది. అది చూశాక ఆమెకు కొంచెం ధైర్యం వచ్చింది.

"ఇష్టమేనప్పా," అంది.

పరాయి పెద్దమనిషిని పిలిచినట్టు అప్పా అనేసి నాలుక కరుచుకుంది. చెవుల దాకా ఎర్రబడిపోయి, తల వంచుకుని, ఈసారి మెల్లగా సరిదిద్దుకుంది.

"ఇష్టమే మామా."

మహానందమ్మ గట్టిగా నవ్వింది. భాస్కరయ్య ముహూర్తాల సంగతి మీరే చెప్పండని సుబ్బయ్యను అడిగాడు. పెద్దవాళ్లంతా ఒక్కసారే మాట్లాడటం మొదలుపెట్టారు.

జయంత్‌కు మాత్రం ఇష్టమే అన్న ఆ మాట ఆమె నోట ఇంకొక్కసారి వినాలని ఉంది. అడుగుదామంటే గదినిండా జనం. అతను పళ్లెం పక్కన పెట్టి, పెద్దవాళ్లందరూ ఎప్పుడు లేచి బయటికి పోతారా అని చూస్తూ కూర్చున్నాడు.